రెండోసారి నవ్వమని అడగొద్దు

గూగుల్ వాళ్లు పోస్టులో ఉత్తరం పంపుతారంటే మా ఆత్మకూరు వీధిలో ఎవరూ నమ్మలేదు. నిజంగానే పంపుతారు. యూట్యూబ్ ఛానల్ సంపాదన 10 డాలర్లకు చేరితే ఇంటి చిరునామాకు చిన్న కాగితం వస్తుంది. అందులో ఆరంకెల పిన్ ఉంటుంది. దాన్ని ఖాతాలో కొడితేనే చిరునామా మనదని వాళ్లకు రూఢి అవుతుంది. ఆ పైన 100 డాలర్లు నిండాలి, అప్పుడుగానీ బ్యాంకులో డబ్బు పడదు. షార్ట్స్ కాకుండా పెద్ద వీడియోలు తీసేవాళ్లకు ప్రకటనల డబ్బుకు అర్హత రావాలంటే ముందు 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. కాగితం తెచ్చిచ్చిన పోస్ట్‌మ్యాన్ “ఏం ఉద్యోగమమ్మా ఇది?” అని అడిగాడు. వీడియోలు తీస్తానన్నాను. “చిన్న పిలకాయను పెట్టుకుని ఎట్టా తీస్తావమ్మా?” అన్నాడు. ఈ పనిలో అసలు ప్రశ్న అదే. ఈ వారం దాని గురించే.

నా పుట్టిల్లు ఉదయగిరి, మెట్టినిల్లు ఆత్మకూరు. ఇంట్లో మూడేళ్ల పాప. నేను తీసేవి మా మెట్ట ప్రాంతపు వంటలు, ఉదయగిరి చెక్క చెంచాలు. నర్ది, బిక్కి, దేవదారి లాంటి కొండ చెట్ల కొయ్యతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చెక్కే ఇళ్లు మా ఊళ్లో తరాలుగా ఉన్నాయి. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పిడి మీది నగిషీ చూస్తే ఇంత సన్నపని చేతితోనే చేశారా అనిపిస్తుంది. చెక్కేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఇంటి పని, పిల్లల పని నడుస్తుండగానే ఆకురాయి కూడా నడుస్తుంటుంది. వాళ్లను చూసే నాకు ఈ పని మీద ధైర్యం వచ్చింది.

వీడియో తీయడం ఫోనుతో ఆటలాంటిదని బయటివాళ్లు అనుకుంటారు. పాప పడుకున్నాక వాయిస్ ఓవర్ చెప్పుకోవాలి. ఫ్యాన్ తిరుగుతుంటే మాటలో గాలి మోత పడుతుంది. ఆపితే మా ఎండలకు పాప లేస్తుంది. అందుకని పక్క గదిలో బీరువా తలుపులు రెండూ తెరిచి, చీరల వైపు మొహం పెట్టి మాట్లాడతాను. గుడ్డలు మోతను పీల్చేస్తాయి, గొంతు దగ్గరగా వినిపిస్తుంది. ఇక వెలుగు. రింగ్ లైట్ మొహానికి బాగుంటుందేమో గానీ చెక్కకు పనికిరాదు. ఎదురుగా పడే వెలుగులో నగిషీ చదునైపోతుంది. పొద్దున పెరటి తలుపు పక్కనించి ఏటవాలుగా వచ్చే ఎండలో పెడితే ఒక్కో గాటు లేచి కనిపిస్తుంది. ఎడిటింగ్ మాత్రం వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని నిలబడే చేస్తాను, పాప చెయ్యి అందని ఎత్తు అదొక్కటే.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. నేర్పేవాళ్లు యూట్యూబ్‌లోనే దొరుకుతారు. కష్టమైన పాఠం వేరే ఉంది, దాన్ని నేర్పేది గ్రాఫు. ఏ వీడియోను జనం ఎక్కడిదాకా చూశారో, ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూశారో ఛానల్ లెక్కల్లో గీత గీసి చూపిస్తారు. చెంచా చెక్కే వీడియోలో గీత మెల్లగా కిందికి జారుతూ పోతుంది. వెనక గదిలోనించి మా పాప కిలకిలమన్న చోట మాత్రం దిగ్గున పైకి లేచింది. మొహం లేదు, ఉన్నది నవ్వే. కింద కామెంట్లన్నీ ఒకే మాట: “అక్కా, పాపను చూపించండి.”

నేను చూపించలేదు. చూపించకూడదని ఛానల్ పెట్టిన రోజే అనుకున్నాను. అయినా ఆ గీత బలం తక్కువది కాదు. ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజులు తలుచుకుంటూ రాత్రిపూట దాన్ని చూసే ప్రతి తల్లికీ అది ఏం అడుగుతోందో అర్థమవుతుంది.

అట్లా అడిగేవాళ్లలో చెడ్డవాళ్లే ఉంటారని రాస్తే అబద్ధం. మా ప్రాంతం నించి ఎందరో ఆడవాళ్లు కువైట్‌లో ఇంటిపనులకు పోయారు. బిడ్డను జేజి దగ్గర వదిలి, అక్కడ వేరేవాళ్ల బిడ్డలకు స్నానాలు పోసి, అన్నం తినిపించి, తమ బిడ్డను రాత్రి వీడియో కాల్‌లో చూసుకునేవాళ్లు. వాళ్లకూ మనకూ రెండున్నర గంటల తేడా. అక్కడ పని ముగిసి పది గంటలకు మంచం మీద వాలితే ఇక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, ఇంట్లో పిలకాయలు ఎప్పుడో నిద్రపోయి ఉంటారు. ఆ గంటలో నా వీడియోలు చూసే ఒకామె రాసింది: “పాప నవ్వు విన్నాను తల్లీ. మా వాడు ఇట్టాగే నవ్వేవాడు. ఒక్కసారి మొహం చూపించు.” ఆమెకు జవాబు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. చూపించలేనమ్మా, పాపను అడిగి చూపించే వయసు ఇంకా రాలేదు అని రాశాను. బదులుగా మన వైపు ఏది చూడాలనుందో అడిగాను. సంగటి కెలికేటప్పుడు కుండ చప్పుడు వినాలనుంది అంది. ఆ వీడియో తీశాను. వాయిస్ ఓవర్ లేదు, పాట లేదు. తెడ్డు చప్పుడు, పొయ్యి చప్పుడు, అంతే.

పాపను ఎప్పుడూ దాచిపెట్టి తిరగను. ఆడుకునే గొంతు వీడియోలో పడితే పడనిస్తాను. పట్టీల కాళ్లు ఫ్రేములో అటునించి ఇటు పరుగెత్తితే కత్తిరించను. నేను పెట్టుకున్న హద్దు ఒక్కటే. రెండోసారి చేయమని అడగను. పాప తనంతట తను నవ్వితే అది తన నవ్వు. “ఫోకస్ పోయింది, మళ్లీ నవ్వు అమ్మా” అన్నానా, ఆ క్షణం నించి పాప నా దగ్గర పనిలో చేరినట్టే. జీతం లేని పని, మానేస్తాననే వీలు లేని పని. పైగా యజమాని అమ్మ.

పెద్దవాళ్ల సంగతి వేరు. లంబాడిపల్లి గంగవ్వ ‘మై విలేజ్ షో’లో నటించినా, తెనాలి దగ్గర గుడివాడ మస్తానమ్మ నూరేళ్లు పైబడిన వయసులో ‘కంట్రీ ఫుడ్స్’ కోసం పొలంలో పొయ్యి వెలిగించినా, వద్దంటే లేచి ఇంటికి పోగల మనుషులు. మస్తానమ్మ 2018 డిసెంబరులో పోయింది, ఆమె వంటలు ఇప్పటికీ జనం చూస్తున్నారు. ఒకసారి ఎక్కిన వీడియోకు ఎంత ఆయుష్షో దీన్నిబట్టే తెలుస్తుంది. మూడేళ్ల పిల్ల స్నానం చేస్తూ ఏడ్చిన వీడియో ఆ పిల్లకు పదిహేనేళ్లు వచ్చి, తరగతిలో ఎవరో దాన్ని వెతికి తీసేదాకా బతికే ఉంటుంది.

సినిమా, సీరియల్ పిల్లల విషయంలో ఆట పనిగా మారే ఈ హద్దును మన చట్టం ముందే గుర్తించింది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నిబంధనలు తెచ్చారు. బాలనటులతో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా వరసగా 3 గంటలు దాటకూడదు. షూటింగుకు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. బిడ్డ సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, మేజరయ్యాక ఆ డబ్బు ఆ బిడ్డదే. ఇంట్లో తల్లి ఫోనులో తీసే వీడియో దగ్గరికి ఈ నిబంధన పట్టుకుని ఎవరూ రారు. ఫ్రాన్స్ మాత్రం 2020లో యూట్యూబ్ పిల్లలకని విడిగా చట్టం చేసింది. తాము కనిపించే వీడియోలు తీసేయమని అడిగే హక్కు తల్లిదండ్రులతో పని లేకుండా పిల్లలకే ఇచ్చింది. నేను చట్టం వచ్చేదాకా ఆగలేదు. పాప నవ్విన ఆ వీడియో మీద వచ్చినదాంట్లో 20 శాతం పోస్టాఫీసులో తన సుకన్య సమృద్ధి ఖాతాలో వేశాను. చిన్న మొత్తమే. లెక్క మాత్రం విడిగా రాసిపెట్టాను.

భయం సంగతి కూడా చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో యూట్యూబ్ పిల్లలు కనిపించే చాలా వీడియోల కింద కామెంట్లు మూసేసింది. అక్కడ చేరిన నీచపు రాతలే కారణం. ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకున్నవాళ్లకు 2024 జూలైలో మన భాషలోనే జవాబొచ్చింది. ఒక తండ్రీ కూతురు ముచ్చటగా ఉన్న చిన్న వీడియో మీద ఒక తెలుగు యూట్యూబర్, అతని స్నేహితులు లైవ్‌లో కూర్చుని చేసిన అసభ్య వ్యాఖ్యలు చూసి తెలుగు రాష్ట్రాలు రెండూ మండిపడ్డాయి. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి ముఖ్యమంత్రులను కదిలించాడు. తెలంగాణ పోలీసులు కేసు పెట్టి అరెస్టు చేశారు. ఆ వీడియో తీసిన ఇంటివాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు. ముచ్చటపడి తీశారు, అంతే. చూసే కళ్లను ఎంచుకునే వీలు మనకు లేదని మాత్రం ఆ రోజు నాకు గట్టిగా నాటుకుంది. మా అత్త పాపకు బుగ్గన దిష్టిచుక్క పెట్టేటప్పుడు నేను ఇప్పుడు ఏమీ అనను. బిడ్డ మీద పడే చూపులను కాస్త అదుపులో ఉంచాలని మా పెద్దవాళ్లు ఎన్నో తరాలుగా జాగ్రత్తపడుతూనే ఉన్నారు.

తల్లి అని తెలియగానే వచ్చే బేరాలు కొన్ని ఉంటాయి. పసిపిల్లల పాలపొడి, డబ్బా ఆహారం చూపించమని అడుగుతారు. రెండేళ్లలోపు బిడ్డల ఆహారానికి, పాల సీసాలకు ప్రకటన ఇవ్వడం మన దేశంలో నేరం. 1992 నాటి చట్టం అది, 2003లో మరింత బిగించారు. కొత్తగా ఛానల్ పెట్టినవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఉగ్గు పొడి ఇంట్లో ఎట్లా కొట్టుకోవాలో చూపించండి, దాన్ని ఎవరూ కాదనరు.

ఉదయగిరిలో షూట్ ఉన్నప్పుడల్లా దుర్గం వైపు చూస్తాను. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నించి ఈ కోటను గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయాడు. మరుసటేడు హంపీలో గుడి కట్టించి నిలిపాడు. ఇప్పుడా స్వామి చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. మా ఊరి నించి బయటికిపోయి ఇంతమంది కళ్లపడ్డ పసివాడు ఇంకొకడు లేడు. ఆయన దేవుడు, ఎందరు చూసినా తరగడు. నా బిడ్డ దేవుడు కాదు.

ఆత్మకూరులోనే ఇంకో అమ్మాయి ఛానల్ నడుపుతోంది. ఆమె కొడుకు లేని వీడియో ఉండదు. మంచి తల్లి. బిడ్డకు జ్వరమొస్తే వారం రోజులు ఫోను ముట్టుకోలేదు, నేను చూశాను. ఆ డబ్బుతోనే అద్దె కడుతోంది. నువ్వు చేసేది తప్పు అనడానికి నాకు నోరు రాదు. రీటేక్ వద్దని మాత్రం కలిసినప్పుడల్లా చెబుతాను.

“ఒకసారికి రాకపోతే ఆ వీడియో పోయినట్టే గదా అక్కా” అంటుంది.

“పోనీలేమ్మా, ఇంకోటి తీసుకుందాం” అంటాను.

ఆమె ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే వారం ఇద్దరం ఉదయగిరి పోతున్నాం, దువ్వెన పళ్లు కోసే పని తీయాలి. పిలకాయలిద్దరినీ మా అత్త దగ్గర వదిలిపెడుతున్నాం. కొడుకు లేకుండా ఆమె తీయబోయే మొదటి వీడియో అది. ఎవరు చూస్తారక్కా అని ఇప్పటినించే దిగులుపడుతోంది. పక్కవెలుగు ఎట్లా పట్టాలో నేను చూపిస్తానని చెప్పాను.