మామిడి యంటు: జీవశాస్త్రమునకు తొలిపాఠము

బంగినపల్లి మామిడిపండు తిని, దాని తీపికి మురిసి, టెంకను పెరటిలో పాతి, ఏండ్ల తరబడి నీరుపోసి పెంచిన పిదప, ఆ చెట్టు కాచిన కాయ పీచుతోను పులుపుతోను ఉండుట చూచి ఖిన్నులైన గృహస్థులు మన పల్లెలలో పెక్కురు కలరు. నేల మంచిది కాదనియో, ఎరువు చాలలేదనియో వారు సరిపెట్టుకొందురు. కాని దోషము నేలయందు లేదు. మనము తిను గుజ్జు తల్లిచెట్టు దేహము. టెంకలోని జీడి మాత్రమే బిడ్డ. పూతపై వ్రాలిన ఈగ ఏ చెట్టు పుప్పొడిని మోసికొనివచ్చెనో ఆ చెట్టు దానికి తండ్రి. మామిడి కణమునందలి 40 క్రోమోసోములలో 20 తల్లినుండియు, 20 తండ్రినుండియు వచ్చినవి; కావున బిడ్డ ఇరువురను కొంత కొంత పోలియుండునే గాని అచ్చముగా తల్లియే కాజాలదు. అనువంశికత యనగా నిదియే.

ఈ చిక్కును మన తోటమాలులు అంటుకత్తితో విప్పుదురు. గోదావరి సీమలో కడియము, కడియపులంక నర్సరీలయందు ఆ విద్యను నేటికిని చూడవచ్చును. నాటుమామిడి టెంకలను మొలిపించి, కాండము పెన్సిలు లావగువరకు పెంచుదురు. మేలుజాతి చెట్టున ఒక రెమ్మ నెన్నుకొని, కాడలు మాత్రము మిగులునట్లు ఆకులు కత్తిరించి, వారము పది దినములు దానిని చెట్టుననే యుండనిత్తురు. అంతలో కొనమొగ్గ చిగురింప సిద్ధమై ఉబ్బును. అప్పుడు రెమ్మను కోసి తెచ్చి, దాని మొదలును నాటుమొక్క కాండమును ఏటవాలుగా, నున్నగా చెక్కి, కోతకు కోత ఆనునట్లు చేర్చి, పాలిథీన్ పట్టీతో బిగించి చుట్టుదురు. కట్టు వదులైనచో కోతమొగములు ఎండిపోవును, శ్రమయంతయు వ్యర్థమగును.

ఆ కట్టులోపల జరుగునదేమి? బెరడునకును కొయ్యకును నడుమ విభాజ్య కణజాలమను మిక్కిలి పలుచని పొర యొకటి కలదు. రెండు కాండముల పొరలును ఒండొంటిని తాకినప్పుడు, అచటి కణములు విభజనచెంది గాయమును పూడ్చి, క్రమముగా నీటిని పైకి గొనిపోవు నాళములను, ఆహారమును క్రిందికి దింపు నాళములను క్రొత్తగా నిర్మించును. ఈ కణముల సంగతి శాస్త్రజ్ఞులకు మెల్లమెల్లగా తెలిసినది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కయందు అరలను చూచి కణమునకు పేరు పెట్టెను. 1838లో ష్లైడెన్ వృక్షములును, 1839లో ష్వాన్ జంతువులును కణనిర్మితములని తెలిపిరి. కణము కణమునుండియే జనించునని 1855లో విర్కో ఉద్ఘాటించెను. మాని చిగురించిన ప్రతి యంటును ఈ సిద్ధాంతమునకు సాక్ష్యము. కొబ్బరికిని తాటికిని ఇట్లంటు కుదురదు. వాని కాండములో నాళములు చెదరియుండును గాని ఆ పొర వలయముగా నుండదు. వేపపై మామిడియు నిలువదు. దగ్గరి బంధుత్వము లేనిచోట కణములు కలిసి బ్రదుకజాలవు.

అతుకు మానినను రెండు జీవములును తమ స్వభావమును విడువవు. పైకొమ్మ బంగినపల్లినే కాయును. అతుకునకు దిగువ మొలిచిన చిగురు నాటుదే యగును గనుక దానిని ఎప్పటికప్పుడు గిల్లివేయవలెను. ఏనాడో ఒక్క టెంకనుండి మొలిచిన చెట్టు, తరతరములుగా అంటు కట్టినవారి చేతులమీదుగా, నేడు ఎన్నో తోటలలో బ్రదికియున్నది. అంటు క్రొత్త పుట్టుక కాదు, ఆ పాత ప్రాణమునకు కొనసాగింపు. ఈ విద్య ఘనత అందే కలదు.

అయినను అంటుచెట్టు నిలుచునది నాటువేరుపైననే గదా! పండునకు కొమ్మ పేరు వచ్చినది. భారము మోయు వేరునకు పేరు లేదు. అంటు ఉన్నదానిని నిలుపును. లేనిదానిని తెచ్చునది విత్తనము. కనుక నాటుమామిళ్లను పనికిరానివని నరకివేయరాదు. టెంకను పాతి పుల్లని కాయను పొందిన గృహస్థుడు ఖేదపడనక్కర లేదు. బంగినపల్లియు ఒకనాడు అట్టి టెంకనుండియే మొలిచినది.