బాదామి గుహల్లో పాదాల దగ్గర మొదలయ్యే కథ

గుడి కట్టడమంటే రాయి మీద రాయి పేర్చుకుంటూ పైకి పోవడం. గుహాలయానికి ఈ లెక్క తలకిందులు. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా బాదామి ఊరి పక్కన, అగస్త్య తీర్థం ఒడ్డున నిటారుగా లేచిన ఎర్ర ఇసుకరాతి కొండలో 6వ శతాబ్దపు చాళుక్యులు తొలిపించిన గుహలున్నాయి. అక్కడ పైకప్పు ముందు పుట్టింది, నేల చివర పుట్టింది. ఇంకా తొలచని రాతి మీదే నిలబడి శిల్పులు పైనుంచి కిందికి, బయటినుంచి లోపలికి చెక్కుకుంటూ పోయారు. స్తంభం ఎక్కడ రావాలో, దేవుడి చెయ్యి ఎంత ముందుకు చాపాలో మొదటి దెబ్బకు ముందే తేలిపోవాలి. చెక్కేసిన రాయి తిరిగి రాదు. కప్పుకు దూలాలు కూడా కనిపిస్తాయి. అవి దేన్నీ మోయవు. కొయ్య కట్టడాలకు అలవాటుపడిన కళ్లకు ఇది గుడి అనిపించాలని చెక్కినవి.

మొదటి గుహ శివుడిది, రెండు, మూడు విష్ణువువి, నాలుగోది జైనులది. చాలామంది దేవుడి ముఖం చూసి, ఫొటో తీసుకుని కదిలిపోతారు. నా మాట విని కిందినుంచి చూడండి.

రెండో గుహలోని త్రివిక్రముణ్ణే తీసుకోండి. ఆకాశానికి లేచిన కాలు కన్నును వెంటనే లాగేస్తుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి ఆ కాలి కింద వెతకండి. గొడుగు పట్టుకున్న పొట్టి బ్రహ్మచారి ఉంటాడు, ఎదురుగా దానమిచ్చే బలి. అడుగుతున్నవాడూ, అడిగింది కొలుస్తున్నవాడూ ఒక్కడే. మధ్య గీత కూడా లేకుండా ఒకే రాతిలో ఇద్దరుగా నిలిచాడు. దానానికీ ఆ అడుగుకూ మధ్య కాలాన్ని శిల్పి ఎత్తుగా మార్చాడు: కింద ముందు జరిగింది, పైన తరువాత జరిగింది. వామనుడు అంత చిన్నగా ఉండబట్టే ఆ కాలు అంత పెద్దదైంది. పోతన పద్యాలతో ఈ కథ నేర్చుకున్న మనకు, ఆయనకు సుమారు తొమ్మిది వందల ఏళ్ల ముందే ఎవరో దీన్ని ఇంత క్లుప్తంగా చెప్పేశారంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మొదటి గుహ బయట నాట్యమాడే శివుడికి 18 చేతులు. కుడివైపు తొమ్మిదింటిలో ఏ చేతినైనా ఎడమవైపు ఏ చేతితోనైనా జత చేస్తే 81 భంగిమలని అక్కడి గైడ్లు లెక్క చెబుతారు. లెక్క మాట అటుంచి, అన్ని చేతులున్నా నడుము వంపు ఒక్కటే, అడుగు ఒక్కటే. అందుకే బొమ్మ చెదరలేదు. లోపల అర్ధనారీశ్వరుడి పక్కన ఎముకల గూడులా ఉన్నవాడు భృంగి. పార్వతిని కాదని శివుడికి మాత్రమే మొక్కి చిక్కి శల్యమైన భక్తుడు. శిల్పి అతణ్ణి నిలబెట్టింది శివుడి వైపే! ఇలాంటి చిన్న బొమ్మలు చూడకపోతే సగం కథ పోతుంది.

అన్నిటిలో గొప్పది మూడో గుహ. శేషుడి మీద పడుకున్న విష్ణువు మనకు అలవాటు. ఇక్కడ ఆయన శేషుడి చుట్టలమీద కూర్చున్నాడు, తలపై పడగలు. ఆ నిబ్బరం ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు. శక సంవత్సరం 500, అంటే క్రీ.శ. 578లో చాళుక్య వంశపు మంగళేశుడు ఈ గుహను పూర్తిచేయించి, ఆ పుణ్యాన్ని అన్న కీర్తివర్మకు ధారపోసినట్టు శాసనం ఉంది. తేదీ లేని తక్కిన గుహల కాలం అంచనా వేయడానికి పండితులకు ఇదే ఆనవాలు.

ఆ కీర్తివర్మ కొడుకు రెండో పులకేశి. అతని తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే వేంగిలో తూర్పు చాళుక్య వంశాన్ని నిలబెట్టాడు. నన్నయతో భారతం రాయించిన రాజరాజనరేంద్రుడు ఆ వంశంవాడే. హంపీ దాకా వెళ్లే తెలుగువాళ్లు మరికొన్ని గంటలు ప్రయాణం చేసి బాదామి కూడా చూడండి. బొమ్మల్ని మాత్రం చేత్తో తడమకండి, అది ఇసుకరాయి, అరిగిపోతుంది.