గొంగళిపురుగు తిన్న శనివారం: ఒక ఆంగ్ల బాలల పుస్తకంపై విమర్శ

ఆంగ్లం నేర్చుకొనే చిన్నపిల్లలకు ఆహారం గురించి చెప్పాలనుకున్నప్పుడు ఉపాధ్యాయులు తరచుగా ఎంచుకొనే పుస్తకం, అమెరికన్ రచయిత, చిత్రకారుడు ఎరిక్ కార్ల్ 1969లో వెలువరించిన 'ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్'. దీన్ని భాషాపాఠంగా ఒకసారి, ఆహారపాఠంగా మరొకసారి చదివి చూద్దాం.

భాషాపాఠంగా దీనికి వంక పెట్టడం కష్టం. గొంగళిపురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు పియర్ పండ్లు, బుధవారం మూడు ప్లమ్ పండ్లు, గురువారం నాలుగు స్ట్రాబెర్రీలు, శుక్రవారం అయిదు నారింజలు తింటుంది. వాక్య నిర్మాణం మారదు. వారం, అంకె, పండు మాత్రమే మారతాయి. ఆకలి తీరలేదన్న మాట ప్రతి రోజూ తిరిగి వస్తుంది. పురుగు తొలిచిన చోట కాగితానికి నిజంగానే రంధ్రం ఉంటుంది. అందులో వేలు పెట్టి లెక్కించే బిడ్డకు బహువచనం గురించి వేరే సూత్రం చెప్పనక్కరలేదు.

చిక్కంతా శనివారంతోనే. ఆ రోజు చాక్లెట్ కేక్, ఐస్‌క్రీమ్, చీజ్, లాలీపాప్, సాసేజ్ వగైరా పది పదార్థాలు తిన్న పురుగుకు రాత్రి కడుపునొప్పి వస్తుంది. మర్నాడు ఒక పచ్చని ఆకు తిన్నాక నెమ్మదిస్తుంది. 'పండ్లు మంచివి, కేకు చెడ్డది' అని ఇక్కడ నీతి తీయడం సులభం. కాని పుస్తకం ఆ మాట అనదు. శనివారం తిన్నవాటిలో పుచ్చకాయ ముక్క కూడా ఉంది! నొప్పికి కారణం కేకు కాదు, అన్నిటినీ ఒకే రోజు తినడం. ఆకు పథ్యమూ కాదు, అది గొంగళిపురుగు సహజాహారం. టిఫిన్ డబ్బాలో కేకు ముక్క తెచ్చుకున్న బిడ్డ ఎదుట ఉపాధ్యాయుడు ఈ తేడాను మరిచిపోతే, ఆ బిడ్డ నేర్చుకొనేది పోషకాహారం కాదు, సిగ్గు. తిండిని తప్పుగా చూపకపోవడమే ఈ పుస్తకంలో నాకు నచ్చిన గుణం.

అయితే దీన్ని పోషకాహార గ్రంథమనలేం. వారమంతా వెదికినా అన్నం, పప్పు, రొట్టె కనిపించవు. లోయిస్ ఎలర్ట్ రచించిన 'ఈటింగ్ ది ఆల్ఫాబెట్' (1989) కూరగాయలను, పండ్లను అక్షరక్రమంలో చూపుతుంది. బొమ్మలు అందంగా ఉంటాయి, బెండకాయ కూడా ఉంది. కాని అవన్నీ పేర్లే. పిల్లలు తిరిగి పలకడానికి వాక్యం దొరకదు.

తెలుగు పిల్లలకు శనివారం పుటలోనే మరో ఇబ్బంది ఉంది. అక్కడి 'పికిల్' అనే మాట వినగానే వారికి ఆవకాయ గుర్తుకు వస్తుంది. బొమ్మలో ఉన్నది ఊరవేసిన చిన్న కీరదోసకాయ. ఆ ఒక్క ముక్కా తెలుగులోనే చెప్పి ముందుకు సాగడం మేలు.