గోడ మీది పంటలు

పెదవేగి దగ్గర మా బాబాయి తోటకి ఎవరు వెళ్ళినా ఆయన ముందు తోట చూపించడు. వసారాలో మేకుకి వేలాడే వెంకట్రామా క్యాలెండర్ చూపిస్తాడు. తిథుల పక్కన ఎర్ర పెన్సిల్‌తో పొడి అక్షరాలు: గె, దిం, కా, అ. పామాయిల్ గెల కోత, కొబ్బరి దింపు, కోకో కాయ, అరటి. "ఎన్ని పంటలేశావని అందరూ అడుగుతారు. డబ్బులు ఏ తారీఖున చేతికొస్తాయని ఒక్కడూ అడగడురా" అంటాడు.

మా తాతగారి క్యాలెండర్ మీద ఇలాంటి గుర్తులు పెట్టి ఉంటే రెండే ఉండేవి. సార్వా, దాళ్వా. కాలవ కింద వరి మరి. పెళ్ళి చేయాలన్నా, కోమటి కొట్లో బాకీ తీర్చాలన్నా "కుప్ప నూర్చాక చూద్దాం" అనే మాట మా ఇంట్లో ఎంత వినేవాళ్ళమో. ఆ ఎదురుచూపు పడలేకే బాబాయి మెట్టకి వచ్చి కొబ్బరి పెట్టాడు. నలభై అయిదు రోజులకోసారి దింపు.

తర్వాత పామాయిల్. పెదవేగిలో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం 1995లో వచ్చింది. ఒకప్పుడు వేంగి రాజుల రాజధాని అయిన ఊరికి ఇప్పుడు పేరు తెస్తున్నది ఆఫ్రికా చెట్టు. ఎకరానికి యాభై ఏడు మొక్కలు. కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, ఆలోగా సాళ్ళ మధ్య మొక్కజొన్నో అరటో వేసుకుంటారు. కాపు మొదలయ్యాక పది పదిహేను రోజులకో కోత. కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో మిల్లుకి చేరాలి, ఆలస్యమైతే నూనె నాణ్యత పోతుంది. నీళ్ళు మాత్రం ఏనుగులా తాగుతుంది. వేసవిలో చెట్టుకి రోజుకి రెండొందల లీటర్ల పైమాటే.

కోకో సంగతి వేరు. దానికి నీడ కావాలి. పాతిక అడుగుల దూరంలో కొబ్బరి ఉన్న తోటలో ఎండ సగం నేలపాలే గదా, ఆ సగం ఎండని కోకో పట్టుకుంటుంది. కాయ కొమ్మ చివర కాకుండా మాను మీదే కాస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో అతికించారనుకున్నాను. రాలిన ఆకు కింద నేల అడుగు వేస్తే దిగేంత మెత్తగా ఉంటుంది. ఉడతలు, ఎలుకలు వాటా తీసుకుంటాయి. మిగిలిన కాయ కొట్టి, గింజ తీసి, ఆరేడు రోజులు పులియబెట్టి ఎండబెట్టాలి. అసలు పనితనమంతా ఆ పులియబెట్టడంలోనే ఉంది. అక్కడ తప్పితే చాక్లెట్ వాసన ఎప్పటికీ రాదు.

అలా క్యాలెండర్ నిండింది. కానీ నిండిన క్యాలెండర్ కూడా మోసం చేస్తుందని బాబాయికి తెల్లదోమ నేర్పింది. మన దేశంలో 2016లో కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ కొబ్బరినీ పట్టింది, పామాయిల్‌నీ పట్టింది. "నేను రెండు పంటలనుకున్నాను, దానికి రెండూ ఒకటే భోజనం" అన్నాడు బాబాయి. అంబాజీపేట పరిశోధన కేంద్రం పెంచే ఇసారియా శిలీంధ్రం తెచ్చి కొట్టాక కాస్త తెరిపి ఇచ్చింది.

రెండో పాఠం బజారు చెప్పింది. 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ఏ మండలం గెలలు ఏ మిల్లుకి పోవాలో ప్రభుత్వమే పంచింది. అంటే కొనేవాడు ఒక్కడే. కోకోకి చట్టం అడ్డు లేదు గానీ కొనే కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. 2024లో ఎండు గింజ కిలో వెయ్యి రూపాయల దాకా పోయింది. ఆ డిసెంబరులో న్యూయార్క్‌లో టన్ను పన్నెండు వేల డాలర్లు దాటింది. మరుసటి సీజనుకి మన దగ్గర ధర సగానికి పడి, రైతులు ఏలూరులో ధర్నాలకి దిగారు. పంట అదే, చెట్టు అదే, పులియబెట్టిన చేయి అదే.

కామవరపుకోట మండలం తడికలపూడిలో 'మనం చాక్లెట్' వాళ్ళు గింజ పులియబెట్టే కేంద్రం పెట్టినప్పుడు బాబాయి ప్రత్యేకంగా వెళ్ళి చూసొచ్చాడు. ఆ సంస్థ పెట్టిన ముప్పాల చైతన్యది హైదరాబాదులో మిఠాయిల వ్యాపారం. రైతుల దగ్గర పచ్చిగింజ తీసుకుని తామే పులియబెట్టుకుంటారు. బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన వాళ్ళ కార్ఖానాని మరుసటేడు టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో చేర్చింది. బాబాయికి ఆ పత్రికతో పని లేదు. ఆయనకి కావలసింది, కొనేవాడు ఇంకొకడు పెరిగాడన్న కబురు.

మా మామయ్యది కొల్లేరు వైపు, కైకలూరు దగ్గర. వరి చేను తవ్వి చెరువు చేశాడు. కొల్లేరు అభయారణ్యానికి హద్దయిన అయిదో కాంటూరుకి పైన ఉంది గనక 2006లో లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు పొక్లెయిన్లు అటు రాలేదు. కట్ల, శీలావతి. మేత తవుడు, అమ్మకం కలకత్తా. ఐసు పెట్టెలతో లారీ కదిలిందంటే ఏడాదికి సరిపడా డబ్బు ఒక్కసారే వస్తుంది. "మీ బాబాయివి చిల్లర గుర్తులు, నావి నోట్ల కట్టలు" అని నవ్వుతాడు. డాబా కట్టింది ఆయనే, నిజమే. కానీ వరి మాని చేపకి రావడాన్ని పంటల వైవిధ్యమని ఉపన్యాసాల్లో అంటుంటే నాకు ఒప్పుదల కాదు. తాతగారివి రెండు గుర్తులు, మామయ్యది ఒకటి. కొల్లేటి చుట్టూ ఎన్ని వేల ఎకరాల్లో అదే చేప, అదే లారీ, అదే ఊరు!

పంటలెన్నన్నదే కాదు, కొనేవాళ్ళెందరన్నదీ లెక్కేనని తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా నాకు తోస్తుంది. ఆ ఉల్లి గూడెంలో పండదు, కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ వస్తుంది. ఇంత దూరం మోసుకొచ్చేది కొట్ల వరస చూసి, ఒకడు కాదంటే పక్కవాడి దగ్గరికి పోవచ్చని.

మొన్న వెళ్ళేసరికి క్యాలెండర్ మీద కొత్త అక్షరం కనబడింది. 'మి'. కొబ్బరి మానులకి మిరియం పాకిస్తున్నాడట.

"కొనేదెవరు బాబాయ్?" అన్నాను.

కాగితం ఎత్తి వెనక వైపు చూపించాడు. నాలుగు ఫోన్ నంబర్లు. గూడెంలో ఇద్దరు, ఏలూరులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు.

"తీగ ఎప్పుడు పెట్టావు?"

"ఇంకా పెట్టలేదురా. వానలు పడనీ."