గుత్తి కోట, గుత్తి మిద్దెలు: పాత కట్టడాల ఛాయాచిత్రణ

ప్రాచీన కట్టడాలను నమోదు చేయడానికి చిత్రకారుల చేతిగీతలకు బదులు కెమెరాను వాడమని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు 1855లో సూచించారు. ఆ మరుసటి ఏడే అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి, గుత్తికి పడమరన బళ్ళారి సీమలో ఉన్న హంపీ శిథిలాలను మైనం పట్టించిన పెద్ద కాగితపు నెగెటివ్‌లపై చిత్రించాడు. 1980లలో ఆస్ట్రేలియా ఛాయాచిత్రకారుడు జాన్ గాలింగ్స్, గ్రీన్‌లా కెమెరా నిలిపిన చోట్లను వెదికి పట్టుకుని, అవే కోణాల నుంచి మళ్ళీ చిత్రాలు తీశాడు. పునఃఛాయాచిత్రణ అనదగిన ఈ పద్ధతిలో పాత, కొత్త చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కట్టడంలో ఏది కూలిందో, ఏది మరమ్మతుల్లో రూపు మారిందో తేటతెల్లమవుతుంది.

ఇటువంటి పనికి గుత్తి ఎంతో అనువైన ఊరు. వలయంగా అమరిన కొండలు, వాటిని కలిపే గట్లు, వాటి వెంబడి సాగే కోట గోడలు, మైదానానికి సుమారు 300 మీటర్ల ఎత్తున నిలిచిన దుర్గం, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. 1776లో హైదరాలీ వశమయ్యే వరకు ఇది మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే స్థావరం. ఆయన గద్దెగా చెప్పుకునే చిన్న మంటపం కొండచరియ అంచున ఉంది. దాన్ని దగ్గరి నుంచి తీస్తే ఏ ఊళ్ళోనైనా కనిపించే మంటపంలాగే ఉంటుంది. కింద లోయ, ఆవలి మైదానం కూడా పట్టేలా తీసినప్పుడే ఆ చోటును ఎందుకు ఎంచుకున్నారో బోధపడుతుంది.

కింద నిలబడి కెమెరాను పైకెత్తి తీస్తే బురుజు వెనక్కి వాలినట్టు పడుతుంది. కెమెరాను సమమట్టంగా ఉంచి, బురుజు ఎత్తుకు దీటైన పక్క గట్టు మీదికి ఎక్కి తీస్తే నిలువు గీతలు నిలువుగానే నిలుస్తాయి. బండలపై చెక్కిన శాసనాలకు వెలుగే ప్రాణం: మిట్టమధ్యాహ్నపు ఎండలో అక్షరాలు రాతిలో కలిసిపోతాయి, ఉదయమో సాయంత్రమో ఏటవాలుగా పడే కిరణాలకు గాడుల్లో నీడ నిండి అవి తేలివస్తాయి. కోటలోని చీకటి నిండిన ధాన్యాగారాల్లో ఒకే దృశ్యాన్ని తక్కువ, మధ్యమ, ఎక్కువ వెలుగులతో మూడుసార్లు తీసి, తరవాత కలుపుకోవాలి. వేసవి ధూళి దూరాలను మసకబారుస్తుంది గనుక, వానలు వెలిసిన రోజులే దూరదృశ్యాలకు మేలు.

కోటకు 1958 నాటి పురావస్తు చట్టం అండగా ఉంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణాలు నిషిద్ధం. గుత్తి వంటి రాయలసీమ పాత ఊళ్ళలోని మట్టి మిద్దెలకు ఇటువంటి అండ లేదు. దూలాలపై దంతెలు పరచి, పైన చవుడు మన్ను వేసి, గాలీ వెలుతురూ దిగడానికి కప్పులో గవాచి విడిచిన ఈ ఇళ్ళు, ఏటా వానలకు ముందు కొత్త చవుడు వేసే ఓపిక గలవాళ్ళున్నంత కాలమే నిలుస్తాయి. రక్షణ ఉన్న కోటనే అందరూ చిత్రిస్తారు. నిజానికి చిత్రాల అవసరం ఎక్కువగా ఉన్నది మిద్దెలకే. ఇంటివారి అనుమతితో వీధి ముఖం, వాకిలి, నడిమిల్లు, గవాచి కింద పడే వెలుగు, దూలం గోడలో దిగిన చోటు వరుసగా తీయాలి. కొలతలు తెలిసేలా ఒక గుర్తుల కర్రను చిత్రంలో ఉంచాలి. ఇంటి భాగాలకు ఆ ఇంట్లో వాడే పేర్లనే శీర్షికల్లో రాయాలి.

మిద్దెల చిత్రణకు కోట కూడా అక్కరకు వస్తుంది. పైనుంచి చూస్తే ఊరి కప్పులన్నీ కనిపిస్తాయి గనుక, ఒక బురుజుపై చోటును జీపీఎస్‌తో గుర్తించి, అదే లెన్సుతో, ఏటా అదే నెలలో, అదే వేళకు ఊరిని చిత్రిస్తూ పోతే, ఏ వీధిలో మట్టి కప్పు పోయి కాంక్రీటు వచ్చిందో ఇల్లిల్లూ లెక్క తేలుతుంది. ఆ చిత్రాల ప్రతులు తేదీ, దిక్కు, వీధి పేరుతో సహా ఊరి గ్రంథాలయంలో ఉంటే, మిద్దెను బాగుచేయించుకోదలచిన ఇంటివారికీ, చేసే మేస్త్రీకీ పాత రూపం చేతికందుతుంది.