ముఖం ఒక్కటే పడితే చాలదు

చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న మొఘల్‌పురా లాంటి పాత బస్తీలో దుకాణం అరుగుకు రెండు బతుకులుంటాయి. పగలు అది బేరాల చోటు, షట్టరు దించాక ఇల్లు లేనివారికి పడక. పగలు వచ్చిన కెమెరాకు రెండోది కనబడదు. రాత్రి వచ్చిన కెమెరా ముడతలు పడిన ముఖాన్ని దగ్గరగా తీసుకుని వెళ్లిపోతే అరుగు మళ్లీ మాయమవుతుంది. ఇల్లులేనితనం మనిషి ముఖంలో ఉండే లక్షణం కాదు, మనిషికీ చోటుకీ మధ్య ఉన్న సంబంధం. జనగణన కూడా దాన్ని చోటుతోనే గుర్తిస్తుంది. పేవ్‌మెంట్లు, హ్యూమ్ పైపులు, ఫ్లైఓవర్ల కిందిభాగాలు, రైల్వే ప్లాట్‌ఫారాలు వెతికి, 2011 ఫిబ్రవరి 28 రాత్రి లెక్కిస్తే దేశంలో 17 లక్షల 70 వేల పైచిలుకు మంది తేలారు. ఫొటో కూడా ముఖంతో పాటు ఆ చోటును పట్టుకున్నప్పుడే జాలిని దాటి ప్రశ్న అవుతుంది.

ఈ తేడా మన చరిత్రలోనే కనిపిస్తుంది. 1876-78 కరువు రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసినప్పుడు, సైనికాధికారి హూపర్ ఎముకల గూళ్లయిన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆకలి కనిపించింది కానీ, ఆ ఆకలి ఏ ఊరిదో, ఎందుకొచ్చిందో కనిపించలేదు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1899-1900 కరువులో ఔరంగాబాద్ ప్రాంతపు సహాయక పనులను ఆల్బమ్‌గా కూర్చాడు. అందులో చోటు ఉంది, పని ఉంది. అయితే అది ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం. మనుషులు తమ మాట చెప్పుకునే వీలు రెండింటిలోనూ లేదు.

కాబట్టి పనితనం బటన్ నొక్కకముందే మొదలవుతుంది. ముందు మాట కలపాలి, అనుమతి అడగాలి. నిలబడి కిందికి చూస్తూ తీస్తే పడుకున్న మనిషి చెత్తకుప్పలా కనిపిస్తాడు. నేలమీద కూర్చుని కళ్ల ఎత్తులో తీస్తే పొరుగువాడవుతాడు. వైడ్ లెన్స్ దుప్పటితో పాటు షట్టరునూ, దానిమీది బోర్డునూ పట్టుకుంటుంది. న్యూయార్క్ పేదల బతుకుపై 1890లో వచ్చిన తన పుస్తకం కోసం జేకబ్ రీస్ మండే పొడి వెలుగుతో చీకటి గదులను చూపించాడు, నిద్రపోయేవారిని ఉలికిపడేలా చేశాడు. నేటి కెమెరాకు వీధిదీపం చాలు. ముఖం వద్దన్నవారి మూట, చెప్పులు, నీళ్ల సీసా కూడా కథ చెబుతాయి. అదే అరుగును మధ్యాహ్నం, అర్ధరాత్రి, తెల్లవారుజామున తీసి పక్కపక్కన పెడితే వాదం దానంతట అదే నిలబడుతుంది.

కష్టాన్ని అందంగా చూపి పేరు కొట్టేయడం కాదా ఇది అన్న అభ్యంతరం తేలికైంది కాదు. 1936లో డొరోతియా లాంజ్ తీసిన వలస తల్లి ఫొటో లోకమంతా తిరిగింది. ఆమె ఆగిన వలస కూలీల శిబిరానికి ఆహారం పంపేసరికి ఆ తల్లి అక్కడ లేదు. తనకేమీ ఒరగలేదని దశాబ్దాల తర్వాత ఆమె చెప్పింది. దీనికి జవాబు ఫొటోలు మానడం కాదు, ఫొటోను నిర్దిష్టమైన డిమాండుతో ముడిపెట్టడం. లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి సరిపడే ఆశ్రయం ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధన చెప్పింది. ఆ లెక్క పాత బస్తీలో ఎంతవరకు నెరవేరిందో ఫొటో అడగాలి. లండన్‌లో కేఫ్ ఆర్ట్ సంస్థ చేసినట్టు కెమెరాలను ఇల్లు లేనివారి చేతికే ఇవ్వడం ఇంకా మెరుగు.

చోటు చూపిస్తే అధికారులు ఖాళీ చేయిస్తారన్నది ఇంకా బలమైన భయం. అందుకే గుర్తుపట్టే వివరాలు ఎన్ని చూపాలో అక్కడ పడుకునేవారే తేల్చాలి. అయితే 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సు ముందు హైదరాబాద్ నగరంలో భిక్షాటన నిషేధించి, వీధుల్లో ఉన్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించినప్పుడు ఏ ఫొటో ప్రదర్శనా దానికి కారణం కాదు. కంటపడకుండా ఉండటం వారిని కాపాడలేదు.

2015 నుంచి హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఛాయాచిత్రోత్సవం జరుగుతోంది, గ్యాలరీలకు కొదవ లేదు. మొఘల్‌పురా ఫొటోలను మాత్రం ముందుగా మొఘల్‌పురాలోనే, పడుకునేవారు సరేనంటే ఆ షట్టర్లమీదే ప్రదర్శించండి. తాము నిలబడి బేరమాడే అరుగు రాత్రి ఎవరి పడకో పగటి కొనుగోలుదారులు మొదట చూడాలి.