బల్ల మీద కోరంగి దోనె

వనస్థలిపురం ముందు నుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి బందరు దాకా వెళ్తుంది. ఇప్పుడది విజయవాడ బస్సుల రోడ్డు, సంక్రాంతికి టోల్‌గేట్ల దగ్గర గంటలకొద్దీ నిలబెట్టే రోడ్డు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ నుంచి సముద్రానికి బాట ఇటువైపే. పక్కనున్న హయత్‌నగర్‌లో హయాత్ బక్షీ బేగం మసీదు ఆ కాలం నాటిదే. కుతుబ్‌షాహీల ఓడలు బందరులో సరుకెత్తి మోఖాకూ పారశీక తీరానికీ పోయేవి. నరసాపురం దగ్గర గోదావరి పాయ ఒడ్డున ఓడలు కట్టేవారు. 1670లలో ఈ తీరం తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు అక్కడ మంచి కలప, తీరంలోకెల్లా మేలైన ఇనుము దొరుకుతాయని, తనవాళ్లు ఏటా అక్కడే ఓడలు కట్టించుకుంటున్నారని రాసుకున్నాడు.

ఇంత ఉండి, ఓడ నమూనా కట్టాలన్న సరదా పుట్టినవాడు మన ఊళ్ళో ముందుగా తెప్పించుకునేది విక్టరీ కిట్. 1765లో నీళ్ళలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక అది. 104 ఫిరంగులు, మూడు తెరచాప కొయ్యలు, సుమారు 26 మైళ్ల తాడు. కట్టినవాడి ఓపికకు దండం పెట్టాల్సిందే. ఎన్‌సీసీ నావికా విభాగం పిల్లలకు కూడా షిప్ మోడలింగ్ పోటీలున్నాయి, వాళ్లు చేసేవీ ఎక్కువగా యుద్ధనౌకలే. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉందని పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసి మరీ చెబుతాం. దాన్ని చెక్కలో చూడాలన్న కోరిక మాత్రం ఎవరికీ కలగదు. కిట్టు పెట్టెలో రాదు కదా!

నా ఓటు గోదావరి పాయ మీది కోరంగి రేవు వైపు దోనెకి. నది చిట్టేర్ల పడవ కాదు, కోరమాండల్ తీరం వెంట సరుకు మోసిన పెద్ద ఓడ. దీని కొలతలు మనకు దొరకడం ఒక అదృష్టం. ట్రింకోమలీ నౌకా యార్డులో ఓడల మేస్త్రీగా పనిచేసిన జాన్ ఎడై 1830లలో ఈ తీరాల ఓడల మీద ఒక వ్యాసం రాశాడు. దోనె పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20, లోతు 12. అడుగు బల్లపరుపు: మధ్యలో ఏడడుగుల వెడల్పు, రెండు కొనల దగ్గరికి వచ్చేసరికి పదంగుళాలు. ముందు సగం, వెనక సగం ఒకే రూపు. ఒకటే కొయ్య. ఖాళీగా నాలుగడుగులు, సరుకుతో తొమ్మిదడుగులు మునుగుతుంది. ఇన్ని కొలతలు ఓపిగ్గా ఇచ్చిన పెద్దమనిషే దాన్ని మోటుది, వికారమైనది, సముద్రానికి పనికిరానిది అని తిట్టిపోశాడు.

ఆ తిట్టు న్యాయమా కాదా తేల్చుకోవడానికే ఈ నమూనా కట్టాలంటాను. స్కేలు అడుగుకి అర అంగుళం పెట్టుకుంటే, అంటే 24వ వంతు, ఓడ 35 అంగుళాల పొడవు, పదంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు వస్తుంది. హాల్లో టీవీ పక్కన పట్టదు. ముందే ఇంట్లో ఒప్పించుకోవాలి.

ముందు కాగితం. ఓడని అడ్డంగా కోస్తే ఎక్కడికక్కడ ఎలా కనిపిస్తుందో ఆ కోతల రూపాలు గీయాలి. దోనెకి ముందూ వెనకా ఒకటే కాబట్టి సగం గీస్తే చాలు, తిప్పి వాడుకోవచ్చు. వాటిని ప్లైవుడ్‌లో కోసి, మూడున్నర అంగుళాల వెడల్పుతో మొదలై కొనలకి సన్నబడే అడుగు పలక మీద వరసగా నిలబెడతాం. సన్నని బద్దనొకదాన్ని ఆ చట్టాల మీదుగా ఆనించి చూస్తే ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో తెలుస్తుంది. ఎత్తు తగిలినచోట గరుకు కాగితంతో రుద్దాలి, పల్లం ఉన్నచోట చెక్క పొర అతకాలి. అసలు నైపుణ్యం ఇక్కడే. తాళ్లు, కప్పీలు, తెరచాప చూసేవాళ్ల కోసం. ఓడ బాగుందా లేదా అన్నది ఈ రుద్దుడులో తేలిపోతుంది. ఈ దశలో తొందరపడినవాడి పని పలకలు పరిచాక వంకర్లుగా బయటపడుతుంది. రంగుతో దాన్ని దాచడం కుదరదు.

తర్వాత పలకలు. కొత్తవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: ఓడ మధ్యలో చుట్టుకొలత ఎక్కువ, కొనల దగ్గర తక్కువ. ఒకే వెడల్పు బద్దలు పైనుంచి కిందికి పరుచుకుంటూ పోతే కొనల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఒక కాగితపు పట్టీని మధ్య చట్టానికి చుట్టి కొలిచి, కొన దగ్గర మళ్ళీ కొలిచి, రెండు కొలతల్నీ ఒకే సంఖ్యతో భాగించాలి. ప్రతి పలకా మధ్యలో ఎంత, చివర ఎంత ఉండాలో అప్పుడు తెలుస్తుంది. మూడంగుళాల మందం అనుకుంటే ఈ స్కేలులో అంగుళంలో ఎనిమిదో వంతు. వేణ్ణీళ్ళలో నానేసి, వంచి, క్లిప్పులు బిగించి, ఆరాక అతకాలి. ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపు ఒకటి వేయాలి. ఒకపక్కే పూర్తి చేస్తే ఓడ మెలి తిరిగిపోతుంది.

కలప విషయంలో గొప్పలకు పోకూడదు. అసలు ఓడకి టేకు రాజు. నమూనాకి దాని ఈనెలు మరీ లావు, చిన్న పలక మీద అవి కాలువల్లా కనిపిస్తాయి. కొండపల్లి బొమ్మల పొణికి చెక్కడానికి వెన్న, వంచడానికి పనికిరాదు. ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్ర సన్న ఈనెలది, కొయ్యకీ కప్పీలకీ అదే మేలు. అడుగు పలకకీ లోపలి చట్టాలకీ మాత్రం ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగుల దగ్గర మిగిలే ముక్కలు చాలు. మన ఊరి గాలితో ఇంకో పేచీ ఉంది. వానాకాలంలో ఉబ్బిన చెక్కని అప్పుడే అతికిస్తే మార్చి, ఏప్రిల్ ఎండకి కుంచించుకుపోయి సందులు నోళ్ళు తెరుస్తాయి. బద్దలు కోసి, కట్టే గదిలోనే కొన్ని వారాలు ఉండనివ్వాలి.

తాడుకి నూలు దారమే వాడాలి, పాలిస్టర్ మెరుపు చిన్న స్కేలులో పట్టిచ్చేస్తుంది. అంగుళం మందం తాడు ఇక్కడ సుమారు ఒక మిల్లీమీటరు. మూడు పోగులు కలిపి పురి పెట్టి, తేనెమైనం పట్టిస్తే నూగు అణుగుతుంది. కొయ్యని నిలబెట్టే తాళ్లు ముదురు రంగువి, తెరచాపని లాగే తాళ్లు లేత రంగువి. తెరచాపకి కొత్త గుడ్డ మందం, పాత నూలు ధోవతి సరిపోతుంది. విక్టరీలో నెలలు తినే ఈ పని దోనెలో ఒకటే కొయ్య కాబట్టి వారాల్లో అయిపోతుంది.

ఇంకా కష్టపడాలనుకునేవాళ్లకి మసూలా పడవ ఉంది. దానికి లోపల చట్టాలుండవు, మేకులుండవు. పలకలకి రంధ్రాలు పెట్టి కొబ్బరి తాడుతో కుడతారు. అలల దెబ్బకి గట్టి పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. నమూనాలోనూ నిజంగానే కుట్టాలి. జిగురుతో అతికించి పైన దారం గీత వేస్తే అది బొమ్మే.

ఇలా మన తీరపు పడవల్ని కొలిచి గీసినవాడు ఎడై ఒక్కడే కాదు. ఫ్రెంచి నావికుడు ఎడ్మన్ పారీ లా ఫావొరీత్ ఓడ మీద 1830 ప్రాంతంలో ఇటు వచ్చాడు. యూరప్ బయటి ప్రజల ఓడల మీద 1840ల మొదట్లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. 1871 నుంచి చనిపోయేదాకా లూవ్ర్‌లోని నౌకా మ్యూజియం చూసుకుంటూ, తన బొమ్మల ఆధారంగా నమూనాలు కట్టించాడు. కోరంగికే పోయి చూద్దామంటే, తుపానులు 1789లోనూ 1839లోనూ దాన్ని తుడిచిపెట్టాయి, రేవు పూడిపోయింది. తాళ్ళరేవు వైపు కర్ర పడవల పని ఇంకా ఉన్నా, కాగితం మీద గీసి కట్టే అలవాటు మేస్త్రీలకి ఎన్నడూ లేదు. కంటి కొలతే లెక్క. ఆ లెక్క ఎలా సాగిందో తెలుసుకోవడానికి మనకి మిగిలిన దారి, ఆ క్రమంలో ఒక్కో పలకా మనమూ వేసి చూడటం.

పలకలన్నీ పడ్డాక ఖాళీ దోనెని బల్ల మీద పెట్టండి. ఏ ఆసరా లేకుండా నిటారుగా నిలబడుతుంది. విక్టరీని పీఠం లేకుండా పెట్టండి, పక్కకి ఒరిగిపోతుంది. గోదావరి పాయల్లో పోటు తీశాక ఓడ బురద మీదే కూర్చోవాలి, అక్కడే సరుకు దించాలి. నాలుగడుగుల నీళ్ళున్న ఇసుక మేట మీదుగా పోవాలి. బల్లపరుపు అడుగు అందుకు జవాబు. ఎడైకి లోతైన ట్రింకోమలీ రేవు అలవాటు. ఆయన కంటికి వికారంగా కనిపించింది మన రేవుకి కావలసిన ఆకారమే. రెండు మునుగు గీతలూ ఓడ పక్కన గీసిపెట్టండి. అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో ఒకటి, నాలుగున్నర దగ్గర ఒకటి.

ఎడై ఎగతాళిగా చెప్పిన ఒక్క పనిముట్టుని స్కేలుకి కుదించకుండా అసలు సైజులోనే చేసి పక్కన పెట్టాలి. చిన్న చదరపు పలక, మధ్యలో దారం, దారానికి ముడులు. పలక మధ్యభాగాన్ని సముద్రపు అంచుకి సరిపెట్టి, పై అంచుని ధ్రువనక్షత్రానికి తాకించి, కంటి దగ్గర ఏ ముడి పడిందో చూసి ఎంత ఉత్తరాన ఉన్నామో చెప్పేవారు. ఆరంగుళాల పలక చేస్తే కోరంగి ముడి దాదాపు 10 అంగుళాల దగ్గర, మద్రాసుది 13, ట్రింకోమలీది 20 దగ్గర పడతాయి. వనస్థలిపురం అక్షాంశం కోరంగికి అర డిగ్రీ మాత్రమే పైన, కాబట్టి ఇక్కడ మేడ మీద కోరంగి ముడితోనే పరీక్షించుకోవచ్చు. సముద్రపు అంచు లేదు గనక, మీ కంటి ఎత్తులో ఉన్న దూరపు పిట్టగోడ ఏదైనా వాడుకోండి.